పెన్న పుట్టిన చోట ఒక పెట్టె

నత్త అని మేం పిలిచే స్నేహితుడు ఇంగ్లండులో చదువు ముగించుకుని వచ్చినప్పుడు, బ్యాగులోంచి అరచేతంత పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. పేజీకొక రబ్బరు స్టాంపు ముద్ర. ఒకదాంట్లో పొట్టి గుర్రం, ఒకదాంట్లో రాళ్ళ గుట్ట, ఇంకోదాంట్లో పొగలు వస్తున్న టీ కప్పు. ముద్ర కింద తేదీ, పెన్సిలుతో రెండు ముక్కలు. కొన్ని పేజీలు వానకు తడిసి ఉబ్బి, ఎండి గరుకుగా తయారయ్యాయి. "ఇవన్నీ ఎవరు వేశారు?" అని అడిగితే, "ఎవరూ వెయ్యలేదు. బండల కింద డబ్బాలు వెతికి నేనే వేసుకున్నాను" అన్నాడు.

బెంగళూరు మారతహళ్ళిలో మా మేడ మీద ఆ రాత్రి పన్నెండు దాకా అతను చెబుతూనే ఉన్నాడు, మేం ముగ్గురం వింటూనే ఉన్నాం. దీన్ని లెటర్‌బాక్సింగ్ అంటారు. పుట్టింది ఇంగ్లండులో, డెవన్ జిల్లాలోని డార్ట్‌మూర్ అనే కొండ ప్రాంతంలో. 1854లో చాగ్‌ఫర్డ్ ఊరికి చెందిన జేమ్స్ పెరట్ అనే గైడు, క్రాన్మియర్ పూల్ అనే మారుమూల చోట ఒక సీసా పెట్టాడు. బురద నేలల్లో అంతదూరం నడిచి వచ్చినవాళ్ళు వచ్చినట్టు గుర్తుగా తమ కార్డు అందులో వేసేవాళ్ళు. కొన్నాళ్ళకు సీసా స్థానంలో పెట్టె వచ్చింది. నడిచి వచ్చినవాళ్ళు చిరునామా రాసిన ఉత్తరం అందులో పెట్టి వెళ్తే, తరవాత వచ్చినవాళ్ళు దాన్ని తీసుకెళ్ళి పోస్టు చేసేవాళ్ళట. ఆ పేరు అలా వచ్చింది. ముద్రలు ఆ తరవాత చేరాయి. 1998లో స్మిత్సోనియన్ పత్రికలో వ్యాసం వచ్చాక ఆట అమెరికాలోనూ పాకింది. జీపీఎస్ పట్టుకుని వెతికే జియోకాషింగ్ 2000లో మొదలైంది కాబట్టి, ఇది దానికి దాదాపు నూటయాభై ఏళ్ళు పెద్ద.

ఆట తేలిగ్గానే అర్థమవుతుంది. ఒకరు ఒక డబ్బాలో స్టాంపు, చిన్న పుస్తకం పెట్టి దాస్తారు. అక్కడికి చేరే ఆనవాళ్ళు రాసి పంచుతారు. వెతికేవాళ్ళు తమ సొంత స్టాంపు, తమ పుస్తకం, ఇంకు ప్యాడ్ వెంట తెచ్చుకుంటారు. డబ్బా దొరికితే అందులోని స్టాంపు తమ పుస్తకంలో, తమ స్టాంపు డబ్బా పుస్తకంలో వేసి, డబ్బాను ఉన్నచోటే ఉన్నట్టుగా పెట్టేస్తారు. ఎవరూ ఏదీ పట్టుకుపోరు. అసలు పేరు కూడా ఎవరూ రాయరు, ప్రతివాళ్ళకూ ఒక దారి పేరు ఉంటుంది. నడిచేటప్పుడు ప్రతి రాయి దగ్గరా ఆగుతాడు కాబట్టి అతను నత్త. చెట్టు కనిపిస్తే ఎక్కేది ఉడత. మాది నెల్లూరు, పెన్న ఒడ్డున తూనీగలు పట్టుకుంటూ పెరిగిన దాన్ని కాబట్టి నేను తూనీగ. మా నాలుగో మనిషి మిరపకాయ. ఆ పేరు తనే పెట్టుకున్నాడు, కారణం చెప్పలేదు. ఇక్కడ కూడా మమ్మల్ని ఆ పేర్లతోనే రాస్తాను.

బెంగళూరులో మాకు తెలిసిన డబ్బా ఒక్కటీ లేదు. అందుకే వెతకడం పక్కన పెట్టి దాచడంతో మొదలుపెట్టాం.

స్టాంపులు కొనకూడదని మొదటి రోజే అనుకున్నాం. ఈ ఆటలో చేత్తో చెక్కిన స్టాంపుకే విలువ ఎక్కువ. స్టేషనరీ కొట్లో దొరికే పెద్ద సైజు రబ్బర్లు అరడజను, లినో చెక్కే ఉలుల సెట్టు ఒకటి తెచ్చుకున్నాం. వంటింటి గట్టు మీద పేపరు పరిచి కూర్చున్నాను. పెన్న అలలు మూడు, వాటి పైన "పె" అక్షరం. రబ్బరు మీద నేరుగా గీసి చెక్కాను. ముద్ర వేసి చూస్తే "పె" అద్దంలో చూసినట్టు తిరగబడింది. తెలుగు అక్షరం తిరగబడితే ఇంకో భాషలా ఉంటుందని ఆ రోజే చూశాను. తరవాత పద్ధతి నేర్చుకున్నాను. బటర్ పేపరు మీద మెత్తటి పెన్సిలుతో బొమ్మ గియ్యాలి. దాన్ని బోర్లా రబ్బరు మీద ఆనించి, స్పూను వీపుతో గట్టిగా రుద్దాలి. పెన్సిలు గీత రబ్బరు మీదకు తిరగబడి దిగుతుంది, ముద్ర వేసేటప్పుడు మళ్ళీ తిరగబడి సరిగ్గా వస్తుంది. ఒంపులు చెక్కేటప్పుడు ఉలిని తిప్పకూడదు, ఉలిని కదలకుండా పట్టుకుని రబ్బరునే తిప్పాలి. గీత పక్కన తవ్వేటప్పుడు ఉలి బయటికి వాలి ఉండాలి. లోపలికి వాలితే గీత కింద గుల్లయిపోయి, పది ముద్రలకే తెగిపోతుంది. నా రెండో స్టాంపు "పె" ఎత్వం అలాగే ఊడిపోయింది. మూడోది నిలిచింది. ముద్ర కాగితం మీద నుంచి లేపినప్పుడు తడి ఇంకు మెరుస్తూ మూడు అలలు, పైన మా నది మొదటి అక్షరం. నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

డబ్బాల పని మిరపకాయది. నాలుగు రకాలు తెచ్చి, ఒక్కోదాంట్లో టిష్యూ పేపరు పెట్టి మూత బిగించి, బకెట్ నీళ్ళలో ముంచి, పైన రుబ్బురాయి పొత్రం పెట్టి ఒక రోజంతా ఉంచాడు. రెండింట్లో టిష్యూ మూలలు తడిశాయి. మూతకు రబ్బరు రింగు ఉండి, నాలుగు పక్కలా కొక్కేలు పడేవి మాత్రమే నిలబడ్డాయి. లోపల పుస్తకానికి ఒక జిప్ కవరు, స్టాంపుకి ఇంకొకటి, బూట్ల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే గుళికల పొట్లం ఒకటి. రాయడానికి పెన్సిలే, పెన్ను వద్దు. వానాకాలం తేమకి పెన్ను సిరా పారిపోతుంది, పెన్సిలు గీత చెక్కు చెదరదు.

ఆనవాళ్ళు రాయడం నేర్చుకోవడానికి లాల్‌బాగ్‌కి వెళ్ళాం. అక్కడ ఏమీ దాచలేదు, అనుమతి లేకుండా అలాంటి చోట దాచకూడదు కూడా. ఊరికే సాధన. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ పెద్ద బండ మీద, మూడు వందల కోట్ల ఏళ్ళ నాటి రాయి మీద, టేపుతో ముప్ఫై మీటర్లు కొలిచి నలుగురం నడిచాం. నాకు 44 అడుగులు పట్టాయి, మిరపకాయకి 38, ఉడతకి 49. "ఇక్కణ్ణుంచి వంద అడుగులు" అని రాస్తే ఎవరి అడుగులు? నత్త చెప్పిన సంగతి ఒకటి బాగా పనికొచ్చింది. అడుగుల లెక్క ఇరవై దాటనివ్వకూడదు, ప్రతి ఇరవై అడుగులకూ కదలని గుర్తు ఒకటి చూపించాలి. కదలని గుర్తు దొరకడమే కష్టం. బోర్డు మారుతుంది, చెట్టు కొట్టేస్తారు, గోడకు రంగు వేస్తారు. మాకు చివరికి నమ్మకం కుదిరింది రాళ్ళ మీదే.

మొదటి డబ్బాను ఇంటికి దగ్గర్లోని ఒక పార్కులో దాచాం. ఆ పని తప్పని ఇప్పుడు చెప్పగలను. డబ్బా కనపడకూడదని నల్ల టేపు చుట్టేసి, రావి చెట్టు వేళ్ళ మధ్య పెట్టి, ఎండుటాకులు కప్పాం. రెండో రోజు పొద్దున్న నేను వాకింగుకి వెళ్తే, చెట్టు చుట్టూ ఎవరూ రాకుండా తాడు కట్టి ఉంది. కాపలా పెద్దాయన చేతులు చాపి పిల్లల్ని వెనక్కి పంపుతున్నాడు. వాకింగుకి వచ్చినవాళ్ళు దూరంగా నిలబడి ఫోన్లు చేస్తున్నారు. ఒక తల్లి పాపని చంకనేసుకుని గేటు వైపు పరిగెడుతోంది. నా గుండె జారిపోయింది. వెళ్ళి "అది మాదే" అన్నాను. కానిస్టేబుల్ వచ్చి "ఇదు యారదు?" అని అడిగితే మళ్ళీ అదే చెప్పాను. ఆయన ఎదురుగా నేనే టేపు చింపి, మూత తీసి, స్టాంపు, పుస్తకం చూపించాను. ఆయన గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. చాలా నెమ్మదిగా అన్నాడు: ఈ ఊళ్ళో 2008లో ఒకే రోజు వరసగా బాంబులు పేలాయి, 2013లో మల్లేశ్వరంలో పేలింది, నల్ల టేపు చుట్టిన డబ్బా చూస్తే ఇక్కడి మనిషి ఏమనుకుంటాడో మీరు ఆలోచించలేదా?

ఆలోచించలేదు. డార్ట్‌మూర్‌లో బండ కింద డబ్బా కనిపిస్తే ఆట అనుకుంటారు, ఇక్కడ అలా అనుకోరు. అనుకోకపోవడం వాళ్ళ తప్పు కాదు. ఆ తల్లి పరిగెత్తిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి మా డబ్బాలన్నీ లోపల ఏముందో కనిపించే పారదర్శకమైనవే. మూత మీద కన్నడ, తెలుగు, ఇంగ్లీషుల్లో "ఇది ఆట పెట్టె, లోపల పుస్తకం, రబ్బరు స్టాంపు ఉన్నాయి" అని రాస్తాం. పార్కులు, బస్ స్టాండ్లు, మెట్రో, గుళ్ళు, పురావస్తు శాఖ బోర్డు ఉన్న కట్టడాలు, అటవీ శాఖ చోట్లు వద్దే వద్దు.

రెండోది నంది కొండ మీద పెట్టాం. ఆ కొండకి నాకు ఒక బంధం ఉంది. బెంగళూరుకి అరవై కిలోమీటర్ల దూరంలో, 1478 మీటర్ల ఎత్తున, అందరూ సూర్యోదయం చూడ్డానికి వెళ్ళే కొండ. ఆ కొండల వరసలో చెన్నకేశవ కొండ దగ్గరే పెన్న పుడుతుంది. కన్నడంలో ఉత్తర పినాకిని అంటారు. మా నెల్లూరు పెన్న, నేను ఈత నేర్చుకున్న పెన్న, నేను ఉద్యోగం చేస్తున్న ఊరికి గంటన్నర దూరంలో పుడుతుందని ఇక్కడికొచ్చిన రెండేళ్ళకు గానీ నాకు తెలియలేదు. తెలిసిన రోజు నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "అట్లనా! అయితే నువ్వు పుట్టింటి నుంచి దాని పుట్టింటికి పోయినావన్నమాట" అన్నాడు.

అందుకే పెన్న స్టాంపు ఆ కొండ మీదే ఉండాలని పట్టుబట్టాను. చిన్న కొట్టు ఒకటి నడుపుకునే అతన్ని అడిగి, అతని షెడ్డు వెనక గోడ సందులో పెట్టాం. అనుమతి తీసుకున్నాం కదా అనుకున్నాం. కోతుల సంగతి మర్చిపోయాం. వారం తిరక్కుండా అతను ఫోన్ చేశాడు. వెళ్ళి చూస్తే కొక్కేలు నాలుగూ విప్పి ఉన్నాయి, పుస్తకం పేజీలు లోయ అంచు దాకా ఎగిరిపడ్డాయి, జిప్ కవర్లు ముళ్ళ కంపకి తగులుకుని ఊగుతున్నాయి. స్టాంపు మీద పళ్ళ గాట్లు. మేం నలుగురం రెండు గంటలు వంగి, పాకి, ప్రతి కాగితం ముక్కా, ప్రతి ప్లాస్టిక్ ముక్కా ఏరాం. ఒక కవరు చేతికందని చోట బండ అంచు కింద ఉండిపోయింది. ఉడత దిగుతానంది, మేం దిగనివ్వలేదు. పెన్న పేరు పెట్టిన డబ్బా వల్ల పెన్న పుట్టే కొండ మీద ప్లాస్టిక్ పడింది. తిరుగు దారిలో కారులో ఎవరం మాట్లాడుకోలేదు.

ఆ దారిలోనే, కొండ దిగాక, టీకి ఆగిన చోట అవ్వ దొరికింది.

చిక్కబళ్ళాపురం వైపు పల్లెల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. రోడ్డు పక్కన రేకుల కొట్టు. ఉడకబెట్టిన చెనిక్కాయలు, కారం ఉప్పు చల్లిన జామకాయలు, స్టవ్ మీద టీ. మా మొహాలు చూసి అవ్వే అడిగింది: "ఏంది పాపా, ఏమన్నా పోగొట్టుకున్నారా?" నేను పళ్ళ గాట్లు పడ్డ స్టాంపు చూపించి కథంతా చెప్పాను. అవ్వ స్టాంపు తిప్పి తిప్పి చూసింది. అరచేతి మీద ముద్ర వెయ్యమంది. వేశాను. మూడు అలలు ఆమె చేతి గీతల్లో కలిసిపోయాయి.

"ఎవురికీ చెప్పకుండా పెడితే ఎట్ల నిలుస్తాది పాపా? నాకు చెప్పి పెట్టు. మా చేను ఉండాది గదా."

ఈ ఒక్క మాట మాకు ముందే తోచి ఉంటే పార్కూ జరిగేది కాదు, కోతులూ జరిగేవి కాదు. దాచడమంటే ఎవరికీ తెలియకుండా పెట్టడమని మేం ఇంగ్లండు పద్ధతిని అలాగే పట్టుకున్నాం. డార్ట్‌మూర్‌లో మైళ్ళ కొద్దీ మనిషి ఉండడు, దాని కాపలా దూరమే. మన దగ్గర మనిషి లేని చోటు లేదు. మేకలు కాసేవాళ్ళు, కట్టెలకి వచ్చేవాళ్ళు, క్రికెట్ బంతి వెతికే పిల్లలు, ఎవరో ఒకరు ప్రతి బండ చుట్టూ తిరుగుతూనే ఉంటారు. డబ్బాని వాళ్ళ నుంచి దాచలేం. వాళ్ళకి చెప్పి, వాళ్ళ చేత దాయిస్తేనే నిలుస్తుంది.

అవ్వ కొడుకు ఆ ఆదివారం చేను చూపించాడు. ద్రాక్ష పందిరి, పక్కన రాగి మడి, చుట్టూ రాతి కడీల కంచె. ఆ వైపు కంచెకి కట్టెలు వాడరు, నిలువుగా చీల్చిన రాళ్ళు పాతుతారు. మనిషి భుజమంత ఎత్తు, మీద ఉలి దిగిన గుంటల వరస అలాగే కనిపిస్తుంటుంది. లాల్‌బాగ్‌లో మేం వెతికిన కదలని గుర్తులు ఇక్కడ వరసగా నిలబడి ఉన్నాయి. కొట్టు వైపు నుంచి ఏడో కడీకి పైన చిన్న పెచ్చు ఊడి ఉంది, చిలక ముక్కులా. దాని మొదట్లో నేల కాస్త గట్టిపరిచి, పలక రాయి ఒకటి అడుగున, రెండు పక్కలా రెండు, పైన మూతలా ఒకటి పెట్టి గూడు కట్టాం. చెదలు పట్టకుండా డబ్బా నేలని తాకకూడదు కాబట్టి అడుగున రాయి తప్పనిసరి. ముందు వైపు వాన కొట్టే పడమర కాకుండా తూర్పుకి తిప్పాం. ఈ చివరి సలహా అవ్వ కొడుకుది. పక్షులకి గూడు కట్టే తీరు చూసి చెప్పానన్నాడు.

ఆనవాళ్ళు రాసే పని నాది. మొదటిసారి రాసింది నత్తకి నచ్చలేదు. "ఇది అడ్రసులా ఉంది, పొడుపుకథలా లేదు" అన్నాడు. నిజమే. మన దగ్గర పొడుపుకథలకి కొదవా? చిన్నప్పుడు నాయనమ్మ కరెంటు పోయిన రాత్రుళ్ళు పొడిచేది, విప్పలేకపోతే "ఊరిస్తావా, పేరిస్తావా" అని ఏడిపించేది. ఆ లయ గుర్తు తెచ్చుకుని నాలుగు రోజులు బస్సులో మనసులోనే తిప్పుకున్నాక ఇది కుదిరింది:

ఎద్దు పేరున్న కొండల్లో పుట్టి,
ఉత్తరం పోయి, మనసు మార్చుకుని,
తూర్పు తిరిగి కడలి చేరే ఆడపడుచు.
ఆమె పేరు చెప్పు, అవ్వ టీ పోస్తుంది.
టీ తాగాక రాతి మనుషుల్ని లెక్కపెట్టు,
చిలక ముక్కు ఉన్నవాడి కాళ్ళ దగ్గర వంగు.

కొండ దిగి ఏ రోడ్డున రావాలో, ఏ మలుపు దగ్గర ఆగాలో దీనికి ముందు మామూలు వాక్యాల్లో రాశాం. దారి తప్పించడం మా ఉద్దేశం కాదు. చేలో కాలు పెట్టకుండా గట్టు మీదే నడవాలని, పందిరి కింద ద్రాక్ష కొయ్యకూడదని, చీకటి పడ్డాక రావద్దని కూడా రాశాం. ఆఫీసు వాళ్ళు, చుట్టాలు, వాళ్ళ స్నేహితులు కలిసి ముప్ఫై మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో శుక్రవారం రాత్రి పెట్టాం.

ఆ వారాంతం నాకు పెట్టిన టెన్షన్ ఉద్యోగం ఇంటర్వ్యూ కూడా పెట్టలేదు. శనివారం ఎవరూ వెళ్ళలేదు. ఆదివారం పదకొండింటికి అవ్వ కొడుకు ఫోన్: "అక్కా, ఎవురో వచ్చినారు. పాప ఒకటే అరస్తా ఉంది, పెన్న పెన్న అని."

వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చిన తెలుగు జంట, వాళ్ళ ఎనిమిదేళ్ళ పాప. సొంత స్టాంపు చేసుకోవడానికి టైము లేక, పాప ఇంట్లోంచి బెండకాయ తెచ్చుకుంది. అడ్డంగా కోసి, ప్యాడ్ మీద అద్ది, మా పుస్తకం మొదటి పేజీలో నొక్కింది. అయిదు రేకుల పువ్వు, మధ్యలో గింజల గుంటలు. జిగురు వల్ల ఇంకు అంచుల్లో కొంచెం పాకింది. కింద పెన్సిలుతో, ఒత్తులు వెతుక్కుంటూ రాసినట్టు: "నేను బెండకాయ. మొదట మేమే వచ్చాము. అవ్వ టీ నాకు ఇవ్వలేదు, పాలు ఇచ్చింది." నేను ఆ వారమే వెళ్ళి ఆ పేజీ చూశాను. ఇన్ని నెలలు మేం చెక్కినవాటిలో అంత అందమైన ముద్ర లేదు.

అవ్వకి చదువు రాదు. వచ్చినవాళ్ళంతా ముద్రలు వేస్తుంటే తను మాత్రం చూస్తూ కూర్చోవడం నాకు బాగాలేదనిపించింది. "నీకేం బొమ్మ కావాలి అవ్వా?" అని అడిగాను. నంది బొమ్మ అడుగుతుందనుకున్నాను. రాగి కంకి అంది. దాన్ని చెక్కడం నేననుకున్నంత తేలిక కాలేదు. కంకి వేళ్ళు పిడికిలి ముడిచినట్టు లోపలికి ఒంగి ఉంటాయి, ఒక్కో వేలు మీదా గింజలు రెండు వరసలు. చేలోంచి కంకి ఒకటి తెచ్చుకుని బల్ల మీద పెట్టుకుని మూడు రాత్రులు చెక్కాను. ఇప్పుడా స్టాంపు, ఒక ఇంకు ప్యాడ్ అవ్వ గల్లాపెట్టెలో చిల్లర పక్కనే ఉంటాయి. ఎవరు పెన్న పేరు చెప్పినా వాళ్ళ పుస్తకంలో ముందు రాగి కంకి పడుతుంది. తరవాతే టీ.

అవ్వ దగ్గర డబ్బా నిలిచాక మాకు ధైర్యం వచ్చింది. ఈ ఆటలో ఊరూరా తిరిగే చిన్న డబ్బాలు కూడా ఉంటాయని నత్త మొదట్లోనే చెప్పాడు. వాటికి సొంత చోటు ఉండదు. ఒక పెట్టెలో దొరికితే తీసుకెళ్ళి ఇంకో పెట్టెలో వెయ్యాలి. మేమూ అలాంటిదొకటి చేసి, బాటసారి అని పేరు పెట్టాం. చప్పరించే బిళ్ళలొచ్చే రేకు డబ్బాలో బొటనవేలంత స్టాంపు, అరచేతిలో సగమంత పుస్తకం. స్టాంపు మీద కాగితం పడవ. మొదటి పేజీలో ఒకటే మాట రాశాను: "నన్ను ఏటి వాలుకే తీసుకెళ్ళండి."

ఏటి వాలుకి పోవాలంటే దారి పొడుగునా పెట్టెలు ఉండాలి కదా. శివరాత్రి సెలవు కలిసొచ్చిన మూడు రోజుల్లో మిరపకాయ కారులో పెన్న వెంట బయల్దేరాం. ప్రయాణం గురించి రాస్తే అదే ఒక పుస్తకం అవుతుంది, ఇక్కడ పెట్టెల వరకే చెబుతాను. హిందూపురంలో ఉడత వాళ్ళ పిన్ని ఇంటి పెరట్లో ఒకటి. అక్కడ పెన్న అంటే ఇసుకే, నీళ్ళు లేవు. తాడిపత్రిలో మిరపకాయ స్కూలు స్నేహితుడి జిరాక్స్ షాపులో, కాగితాల బండిళ్ళ వెనక ఒకటి. అక్కడ ఏటి ఒడ్డునే ఉన్న బుగ్గ రామలింగేశ్వరుడి గుడి శిల్పాల ముందు నత్తని కదిలించడానికి గంట పట్టింది. గండికోటలో కోట లోపల పెట్టలేదు, ఊళ్ళో భోజనం పెట్టే ఒక ఇంట్లో ఇచ్చాం. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పోయే ఆ లోయ అంచున సాయంత్రం కూర్చున్నప్పుడు, హిందూపురంలో చూసిన ఇసుకా ఇదీ ఒకటే ఏరంటే నమ్మబుద్ధి కాలేదు. ప్రతిచోటా పెట్టె చేతికిచ్చి, ఆట చెప్పి, ఒక మనిషిని కాపలా ఉంచి కదిలాం. ఎక్కడా ఎవరూ కాదనలేదు. జిరాక్స్ షాపు అన్న అయితే ఆనవాళ్ళ కాగితం పాతిక కాపీలు తీసి, డబ్బులు తీసుకోలేదు.

చివరి పెట్టె నెల్లూరులో, రంగనాయకుల గుడికి దగ్గర్లో, మా ఇంట్లో. కాపలా మా నాన్న. రిటైరయ్యాక ఆయనకి పొద్దు గడవడం కష్టంగా ఉందని అమ్మ అంటూ ఉండేది. పెట్టె చేతికిచ్చి విషయం చెప్పినప్పుడు ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, స్టాంపు వెలుగులోకి పట్టుకుని, "ఇందులో పూర్తి పేరు లేదేం, పెన్నేరు అని చెక్కుండాల్సింది" అన్నాడు. తరవాత పెట్టెని వరండాలో సైకిల్ పంపు పెట్టే గూట్లో పెట్టాడు.

బాటసారిని మార్చిలో అవ్వ పెట్టెలో వేశాం. మొదట తీసుకెళ్ళింది బెండకాయ వాళ్ళే, వేసవి సెలవుల్లో హిందూపురం మీదుగా పోతూ పిన్నికి ఇచ్చారు. అక్కడ రెండు నెలలు ఉండిపోయింది. తరవాత ఎవరో బైకుల మీద పోయే కుర్రాళ్ళు తాడిపత్రి చేర్చారు. జిరాక్స్ అన్న దాని పుస్తకం పేజీలు ఫోటో తీసి పంపాడు. ఏడు ముద్రలున్నాయి. ఒకటి ఎవరిదో బొటనవేలి ముద్ర, కింద పేరు లేదు. ఇప్పటికీ అది ఆ షాపులోనే ఉంది, గండికోట వైపు వెళ్ళేవాళ్ళ కోసం.

నాన్న ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. ముందు అదే అడుగుతాడు: "ఏమ్మా, యాడ దాకా వచ్చింది?" తాడిపత్రిలోనే ఉంది నాన్నా అంటాను. సరేలే, వానలు పడితే కదులుద్ది అంటాడు. అమ్మ చెప్పింది, రోజూ పొద్దున్న కాఫీ తాగాక గూట్లోంచి పెట్టె తీసి, ప్యాడ్ మీద వేలు ఆనించి చూసి, ఆరిపోయినట్టుంటే రెండు చుక్కల ఇంకు వేసి మళ్ళీ మూత పెడుతున్నాడట.